తుపాకీ లెక్కలో వదిలేసిన మూడు గ్రాములు

ద్రవ్యవేగ (ద్రవ్యరాశి × వేగం) నిత్యత్వ నియమం పాఠంలో తుపాకీ లెక్క తప్పకుండా ఉంటుంది. తుపాకీ ద్రవ్యరాశి ఇంత, బుల్లెట్ ద్రవ్యరాశి ఇంత, బుల్లెట్ వేగం ఇంత, తుపాకీ ఎంత వేగంతో వెనక్కి తన్నుతుంది? బుల్లెట్ ద్రవ్యరాశిని దాని వేగంతో గుణించి, తుపాకీ ద్రవ్యరాశితో భాగించి, ముందు మైనస్ గుర్తు పెడితే మార్కులు పడతాయి. అసలు రైఫిల్ అంకెలు వేసి చూస్తే మాత్రం ఈ పద్ధతిలో వచ్చే వేగం మూడో వంతుకు పైగా తక్కువ. గతిజశక్తి అయితే ఉండాల్సిన దాంట్లో సగం కూడా రాదు. నియమంలో లోపమేమీ లేదు. లెక్క మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటి చేయలేదు, అంతే. ఏమేం లోపల ఉన్నాయి, ఏమేం బయటికి పోతున్నాయి అని చుట్టూ ఒక గీత గీసుకోవడమే ఆ పని. ఈ పాఠం సూత్రంతో కాక ఆ గీతతో మొదలవ్వాలన్నది నా వాదన.

అంకెల్లోకి వద్దాం. 7.62×51 మి.మీ. రైఫిల్ తూటాలో బుల్లెట్ సుమారు 9.5 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు 840 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. రైఫిల్ 4 కిలోలు అనుకుందాం. బుల్లెట్ ద్రవ్యవేగం 0.0095 × 840, అంటే 7.98 కి.గ్రా.మీ./సె. దాన్ని 4తో భాగిస్తే తుపాకీ వేగం 2.0 మీ./సె. పుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది.

కానీ ఆ తూటాలో దాదాపు 3 గ్రాముల మందు కూడా ఉంది. మందు కాలిపోయింది కాబట్టి లెక్కలోంచి పోయిందనే భావన చాలామందిలో ఉంటుంది. కాలినా దాని ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. 3 గ్రాముల మందు 3 గ్రాముల వేడి వాయువు అవుతుంది, అదీ గొట్టం మూతిలోంచే ముందుకు వస్తుంది. పైగా బుల్లెట్ కన్నా వేగంగా వస్తుంది. బుల్లెట్ గొట్టంలో ఉన్నంతసేపూ వాయువు దాన్ని నెట్టుకుంటూ పోవాలి. బుల్లెట్ అడ్డు తొలగగానే లోపల మిగిలిన పీడనమంతా వాయువును ఒక్కసారిగా బయటికి విసిరేస్తుంది. శక్తిమంతమైన రైఫిళ్లకు ఈ వాయువు సగటు వేగాన్ని బుల్లెట్ వేగానికి 1.75 రెట్లుగా తీసుకోవడం వాడుక. పొడవైన గొట్టాల షాట్‌గన్లకు ఈ గుణకం 1.25 దాకా తగ్గుతుంది. రైఫిల్ గుణకం వేసి చూడండి: 0.003 × 1.75 × 840 = 4.41. బుల్లెట్ ద్రవ్యవేగంతో కలిపితే 12.39. తుపాకీ వేగం 3.1 మీ./సె.

మూడు గ్రాములకే ఇంత తేడానా అని తోసిపారేయకండి. భుజానికి తగిలే దెబ్బలో వేగం వర్గం పాత్ర ఉంది. 2.0 మీ./సె. అనుకుంటే తుపాకీ గతిజశక్తి 8 జౌళ్లు. 3.1 మీ./సె. అయితే 19 జౌళ్ల పైమాటే. దాదాపు రెండున్నర రెట్లు! బుల్లెట్ బరువులో మూడో వంతు కూడా లేని పదార్థాన్ని మర్చిపోయినందుకు వచ్చిన తేడా ఇది.

పుస్తకం లెక్కే సంపూర్ణమైతే మజిల్ బ్రేక్ అనే పరికరం పనిచేయనే కూడదు. గొట్టం మూతికి బిగించే చిన్న ముక్క అది. పక్కలకు కంతలు ఉంటాయి. బుల్లెట్‌ను అది తాకదు, ఆపదు. ముందుకు దూసుకొచ్చే వాయువును పక్కలకు మళ్లిస్తుంది, అంతే. బుల్లెట్ మూతి దగ్గరికి వచ్చేసరికి వాయువు సగటున బుల్లెట్ వేగంలో సగంతో కదులుతోందని తీసుకోవచ్చు, ఎందుకంటే వెనక గోడ దగ్గరి వాయువు దాదాపు నిలకడగానూ, బుల్లెట్‌ను ఆనుకున్న వాయువు బుల్లెట్ వేగంతోనూ ఉంటుంది. ఆ క్షణానికి తుపాకీ వేగం 2.3 మీ./సె. మిగతా 0.8 మీ./సె. బుల్లెట్ వెళ్లిపోయాక వాయువు ఎగజిమ్మడం వల్ల వచ్చేది. బ్రేక్ ఆ వాయువు మొత్తాన్ని సరిగ్గా పక్కలకు తిప్పగలిగితే తుపాకీ 2.3 దగ్గరే ఆగుతుంది, శక్తి 19 జౌళ్ల నుంచి 11 లోపుకు దిగుతుంది. కొంచెం వెనక్కి వంచి తిప్పితే ఇంకా తగ్గుతుంది. అందుకు చెల్లించే మూల్యం శబ్దం: వాయువుతో పాటు పేలుడు మోత కూడా కాల్చేవాడి చెవుల వైపు, పక్కనున్న వాళ్ల వైపు మళ్లుతుంది.

ఇక గొట్టంలోపల ఏం జరుగుతోందో చూద్దాం. బుల్లెట్ గొట్టంలో 50 సెం.మీ. ప్రయాణిస్తుంది అనుకుంటే, ఆ సమయంలో తుపాకీ ఎంత వెనక్కి జరుగుతుంది? దీనికి పీడనం తెలియనక్కర్లేదు, బలం ఎలా మారుతోందో తెలియనక్కర్లేదు, సమయం కూడా అక్కర్లేదు. బయటి బలం లేదు కాబట్టి ద్రవ్యరాశి కేంద్రం కదలదు. బుల్లెట్ 9.5 గ్రాములు 50 సెం.మీ. ముందుకు పోయాయి, 3 గ్రాముల వాయువు గొట్టమంతా పరుచుకుంది కాబట్టి దాని కేంద్రం అందులో సగం దూరం జరిగింది, అంటే 1.5 గ్రాములు పూర్తి దూరం పోయినట్టు. మొత్తం 11 గ్రాములు × 50 సెం.మీ. దాన్ని 4000 గ్రాములతో భాగిస్తే 0.14 సెం.మీ. మిల్లీమీటరున్నర కూడా లేదు. ఈ పాఠం మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన లెక్క ఇదే. లోపల వేల వాతావరణాల పీడనంతో జరిగే పేలుడు గురించి ఏమీ తెలియకుండానే, తుపాకీ ఎంత జరిగిందో మిల్లీమీటరులో పదో వంతు దాకా చెప్పేయగలిగాం.

తుపాకీని భుజానికి ఎందుకు గట్టిగా అదిమి పట్టుకోవాలి అనే ప్రశ్నకు పుస్తకాలు ఇచ్చే జవాబును కూడా ఈ మిల్లీమీటరున్నరతోనే పరీక్షించాలి. తుపాకీ, మనిషి కలిసి ఒకే ద్రవ్యరాశి అవుతారు, ద్రవ్యరాశి పెరిగితే వేగం తగ్గుతుంది అన్నది ఆ జవాబు. సగం నిజం. బుల్లెట్ గొట్టం దాటడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. అంతసేపట్లో తుపాకీ మిల్లీమీటరున్నర జరిగితే, భుజం మీది మెత్తటి కండ అందులో కొద్దిగా నొక్కుకుంటుందే తప్ప డెబ్భై కిలోల మనిషి కదలడం మొదలవ్వదు. లోపల తుపాకీని వెనక్కి నెట్టే సగటు బలం 7,000 న్యూటన్లకు పైన. భుజం ఆ కాస్త సమయంలో ఎదురు నెట్టే బలం దానిముందు లెక్కలోకి రాదు. కాబట్టి గట్టిగా పట్టుకున్నా వదులుగా పట్టుకున్నా తుపాకీకి వచ్చే వేగం దాదాపు అంతే, 3.1 మీ./సె.

తేడా ఆ తర్వాత వస్తుంది. ఆ 19 జౌళ్లను ఎంత దూరంలో ఆపుతున్నాం? బట్ (తుపాకీ వెనక చివర) ముందే భుజానికి ఆనుకుని ఉండి, భుజం, నడుము వెనక్కి ఊగుతూ 3 సెం.మీ. దూరంలో ఆపితే సగటు బలం 640 న్యూటన్లు. బట్‌కు భుజానికి మధ్య సందు ఉంటే తుపాకీ ఆ సందులో పూర్తి వేగంతో వచ్చి ఎముకను గుద్దుతుంది. ఒక్క సెంటీమీటరులో ఆగితే 1,900 న్యూటన్లు దాటుతుంది. రెండు సందర్భాల్లోనూ శరీరానికి చేరే ద్రవ్యవేగం ఒకటే, 12.4. ఎంత సేపట్లో చేరింది అన్నదే గాయాన్ని నిర్ణయిస్తుంది. క్రికెట్‌లో బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోవడం కూడా ఇదే.

ఫిరంగుల వాళ్లు ఈ సంగతిని యంత్రంగా మార్చారు. 1897 నాటి ఫ్రెంచ్ 75 మి.మీ. ఫిరంగిలో గొట్టం మాత్రమే మీటరుకు పైగా వెనక్కి జారుతుంది. నూనె, గాలి నింపిన సిలిండర్లు దాన్ని నెమ్మదిగా ఆపి తిరిగి ముందుకు నెడతాయి. చక్రాలు, కాడి అక్కడే ఉంటాయి. అంతకుముందు ఫిరంగులు కాల్చిన ప్రతిసారీ బండి మొత్తంగా వెనక్కి పోయేది, మళ్లీ గురి పెట్టుకోవాల్సి వచ్చేది. దీనితో నిమిషానికి 15 గుండ్లు కాల్చగలిగారు. గొట్టానికి వచ్చే ద్రవ్యవేగం మారలేదు, నేలకు చేరే సమయం సాగింది.

అసలు వెనక్కి తన్నకుండా కాల్చాలంటే ఇంకో దారి ఉంది. అమెరికా నౌకాదళ అధికారి క్లీలాండ్ డేవిస్ 1910 ప్రాంతంలో చేసిన తుపాకీలో గుండు ముందుకు పోతుంటే అంతే బరువున్న సీసం రవ్వలు, గ్రీజు ముద్ద వెనక నుంచి బయటికి పోతాయి. తర్వాత వచ్చిన రికాయిల్‌లెస్ (వెనక్కి తన్నని) తుపాకులు ముద్ద బదులు మందు వాయువునే వెనక నాజిల్‌లోంచి వదులుతాయి. గుండు ద్రవ్యవేగానికి సమానమైన ద్రవ్యవేగం వాయువుకు ఇవ్వాలి కాబట్టి మందు మామూలు ఫిరంగి కన్నా చాలా ఎక్కువ పడుతుంది, వెనక ఎవరూ నిలబడకూడదు. పుస్తకం సున్నా అనుకున్న వాయువు మీదే ఇక్కడ ఆయుధం మొత్తం ఆధారపడి ఉంది.

ద్రవ్యవేగం సమానమైనప్పుడు బుల్లెట్ అంత ప్రమాదకరం, తుపాకీ ఇంత సాధువు ఎందుకు? ఈ ప్రశ్న అడగని విద్యార్థికి పాఠం ఎక్కలేదనే నా అభిప్రాయం. గొట్టంలో ఉండగా రెండింటి మీదా దాదాపు ఒకే బలం పనిచేస్తుంది, ఒకే సమయం పనిచేస్తుంది; అందుకే ద్రవ్యవేగాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. కానీ శక్తి అంటే బలం × దూరం. అదే బలం ఒకవైపు 50 సెం.మీ. పనిచేసింది, రెండోవైపు మిల్లీమీటరున్నర లోపే. బుల్లెట్‌కు 3,350 జౌళ్లు, ఆ క్షణానికి తుపాకీకి 11 జౌళ్లు కూడా లేవు. సినిమాల్లో బుల్లెట్ తగిలిన మనిషి గాల్లో ఎగిరి వెనక్కి పడతాడే, అది కూడా ఇక్కడే తేలిపోతుంది. 8 కి.గ్రా.మీ./సె. ద్రవ్యవేగం 70 కిలోల మనిషికి మొత్తం చేరినా వేగం సెకనుకు 11 సెం.మీ. మాత్రమే. ఎగిరిపడేంత ఊపే ఉంటే, కాల్చినవాడు అంతకన్నా ముందు పడాలి.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇంకో చోట: వేగం దేనితో పోల్చి చెప్పారు? ఘర్షణ లేని బండి మీద ఒక మనిషి. బండి, మనిషి కలిపి 50 కిలోలు, రాళ్లు ఇంకో 50 కిలోలు. బండితో పోలిస్తే 10 మీ./సె. వేగంతో రాళ్లు వెనక్కి విసురుతాడు. అన్నీ ఒకేసారి విసిరితే బండి వేగం 10 అని రాసేస్తారు. తప్పు. 10 అన్నది బండి నుంచి చూసిన వేగం. నేల నుంచి చూస్తే రాళ్ల వేగం 10 లోంచి బండి వేగం తీసేయగా మిగిలింది. అలా వేస్తే బండికి వచ్చేది 5 మీ./సె. ఇప్పుడు సగం సగంగా విసరమనండి. మొదటి 25 కిలోలకు 2.5, ఆ తర్వాత 75 కిలోలే మిగిలాయి కాబట్టి రెండో 25 కిలోలకు 3.33, మొత్తం 5.83. చిన్న చిన్న గులకరాళ్లుగా విసురుతూ పోతే 6.93 దగ్గర ఆగుతుంది, అది 2 యొక్క సహజ లాగరిథమ్‌కు 10 రెట్లు. రాకెట్ సమీకరణం అంటే ఇదే. వెనక గాలి ఉండి దాన్ని నెట్టాల్సిన అవసరం ఎక్కడా రాలేదని గమనించండి.

ఇదంతా చేత్తో చేసి చూడటానికి తుపాకీ అక్కర్లేదు, వేగం కొలిచే పరికరం కూడా అక్కర్లేదు. చక్రాలు తేలిగ్గా తిరిగే రెండు బండ్లు, ఒకటి బరువులతో కలిపి అరకిలో, ఇంకోటి కిలో. మధ్యలో గట్టి స్ప్రింగ్ నొక్కి, రెండు బండ్లనూ దారంతో కట్టండి. రెండువైపులా ఒక్కో చెక్కదిమ్మ అడ్డం పెట్టండి. దారాన్ని అగ్గిపుల్లతో కాల్చండి. కత్తెరతో కోస్తే కత్తెర ఏదో ఒక బండిని తోస్తుంది, అది గీత బయటి బలం. బండ్లు చెరోవైపు పరిగెత్తి దిమ్మలకు కొట్టుకుంటాయి. రెండు చప్పుళ్లు వినిపిస్తే దిమ్మలు జరపండి. ఒకటే "టక్" వినిపించే దాకా జరుపుతూ పోండి. అప్పుడు ఒక్కో బండి ముందు అంచు నుంచి దాని దిమ్మ దాకా దూరాలు కొలవండి. సమయం ఒకటే కాబట్టి దూరాల నిష్పత్తే వేగాల నిష్పత్తి. తేలిక బండి దూరం రెట్టింపు ఉండాలి.

సరిగ్గా రెట్టింపు రాదు, 2 కన్నా కాస్త ఎక్కువే వస్తుంది. కారణం ఘర్షణ. రెండు బండ్లూ సెకనుకు 10 సెం.మీ./సె. చొప్పున వేగం కోల్పోతున్నాయనుకోండి. మొదట్లో 60, 30 సెం.మీ./సె. వేగాలతో బయల్దేరితే, ఒక సెకను తర్వాత దూరాలు 55, 25. నిష్పత్తి 2.2. దిమ్మలను దగ్గరికి జరిపి అర సెకనులోనే తాకేలా చేస్తే 28.75, 13.75. నిష్పత్తి 2.09. కాబట్టి దిమ్మలు దగ్గరగా పెట్టాలి. మరీ దగ్గరైతే చప్పుళ్ల తేడా చెవికి అందదు. బల్ల మట్టంగా ఉందో లేదో ముందే గోళీ పెట్టి చూసుకోవాలి. స్ప్రింగ్ ఒక బండికి అంటుకుని పోతే దాని బరువు ఆ బండికే కలపాలి. చక్రాలు బరువైనవైతే ఇంకో చిక్కు: వాటిని తిప్పడం మొదలుపెట్టేది బల్ల ఘర్షణే, అదీ బయటి బలమే. ఈ తేడాలను "ప్రయోగ దోషం" అని ఒక్క మాటతో కొట్టేయడం నాకు నచ్చదు. బరువు బండి మీద ఘర్షణ ఎక్కువ కాబట్టి మొత్తం ద్రవ్యవేగం తేలిక బండి వైపు మొగ్గుతోందని ఆ 0.09, 0.2 చెబుతున్నాయి. దోషంలోనూ పాఠం ఉంది.

గీత సరిగ్గా గీస్తే రికాయిల్, అంటే ఈ వెనక్కి తన్నడం, ఒక తక్కెడలా పనిచేస్తుంది. 1932లో జేమ్స్ చాడ్విక్ దానితోనే కంటికి కనబడని కణాన్ని తూచాడు. బెరీలియం మీద ఆల్ఫా కణాలు పడితే విద్యుదావేశం లేని ఏదో కిరణం వస్తోంది. అది మైనంలోని హైడ్రోజన్ కేంద్రకాలను సెకనుకు 3.3 కోట్ల మీటర్ల వేగం దాకా తన్నుతోంది, నైట్రోజన్ కేంద్రకాలను 47 లక్షల మీటర్ల దాకా. అది గామా కిరణమే అనుకుంటే ఆ తన్నుకు 50 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు శక్తి కావాలి, అంత వచ్చే దారి అక్కడ లేదు. అది కణమైతే? ఎదురెదురుగా జరిగే స్థితిస్థాపక అభిఘాతంలో ద్రవ్యవేగం, గతిజశక్తి రెండూ నిలవాలి. హైడ్రోజన్ ద్రవ్యరాశి 1, నైట్రోజన్‌ది 14 అనుకుంటే, ఆ రెండు వేగాల నిష్పత్తి, తెలియని ద్రవ్యరాశికి 14 కలిపి, అదే ద్రవ్యరాశికి 1 కలిపిన దాంతో భాగిస్తే వచ్చేదానికి సమానం. 3.3 కోట్లను 47 లక్షలతో భాగిస్తే 7.02. సమీకరణం సాధిస్తే తెలియని ద్రవ్యరాశి 1.16 వస్తుంది. చాడ్విక్ ఇచ్చిన విలువ 1.15. ఆ కణమే న్యూట్రాన్; దాని ద్రవ్యరాశి ఈనాటి కొలతల్లో 1.0087. కణం వేగం ఎంతో తెలియకుండానే తూచేశాడు!

కేంద్రకం ఎలక్ట్రాన్‌ను వదిలే బీటా క్షయంలో ఆ ఎలక్ట్రాన్‌ను, వెనక్కి తన్నుకునే కేంద్రకాన్ని మాత్రమే గీత లోపల పెడితే శక్తీ ద్రవ్యవేగమూ రెండూ కుదరలేదు. ఇంకోటి బయటికి పోతోందని 1930లో పౌలీ అన్నాడు. 1956లో రైన్స్, కోవాన్ ఆ కణాన్ని, అంటే న్యూట్రినోను, పట్టుకున్నారు.

అన్నిటికన్నా మనసుకు హత్తుకునేది జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మోస్‌బౌవర్ 1958లో చూపినది, ఎందుకంటే అది భుజానికి అదిమి పట్టిన తుపాకీ కథే, ఈసారి పుస్తకం చెప్పిన జవాబు పూర్తిగా నిజమయ్యే చోట. ఇనుము-57 కేంద్రకం 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం విడుదల చేసినప్పుడు, ఆ పరమాణువు ఒంటరిగా ఉంటే వెనక్కి తన్నుకుని 0.002 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి తీసేసుకుంటుంది. చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది. కానీ ఆ గామా కిరణం సహజ వెడల్పు, అంటే దాని శక్తి అటూ ఇటూ మారగల మేర, 0.0000000047 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. పోయిన శక్తి దానికి నాలుగు లక్షల రెట్లు. అలా శక్తి తగ్గిన కిరణాన్ని ఇంకో ఇనుము-57 కేంద్రకం గుర్తుపట్టి పీల్చుకోలేదు. పరమాణువు స్ఫటికంలో బిగిసి ఉంటే మాత్రం కొన్ని విడుదలల్లో జాలకంలో (స్ఫటికంలోని పరమాణువుల వరుసల్లో) కంపనమేదీ పుట్టదు, ఆ తన్నును స్ఫటికం మొత్తం ఒక్కటిగా తీసుకుంటుంది. మిల్లీగ్రాము ఇనుము-57లో పరమాణువులు కోటి కోట్లకు లక్ష రెట్లు. ద్రవ్యవేగం మొత్తం చేరింది, శక్తిలో వాటా మాత్రం అన్ని రెట్లు తగ్గిపోయింది, గామా కిరణం తన శక్తితో తాను బయటికి వచ్చింది. మోస్‌బౌవర్ మొదట చేసింది ఇనుముతో కాదు, ఇరిడియం-191తో. దాని 129 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణానికి స్ఫటికం అంత గట్టిగా పట్టుకోవాలంటే దాన్ని బాగా చల్లబరచాల్సి వచ్చింది.